నార్మండీ ఎమ్మా: సంధి కోసం పంపిన అమ్మాయి యాభై ఏళ్ళ కథ

అందరికీ నమస్కారం. ముందు స్క్రీన్ మీద ఉన్న ఈ బొమ్మ చూడండి. వెనక బెంచీల వాళ్ళకి కనిపిస్తోందా? లైట్లు కొంచెం తగ్గించండి బాబూ. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఇది 1031 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని వించెస్టర్‌లో ఒక మఠంలో గీసిన బొమ్మ. ఒక రాజు, ఒక రాణి కలిసి చర్చికి పెద్ద శిలువ సమర్పిస్తున్నారు. పైన క్రీస్తు కూర్చుని ఉన్నాడు. ఆయనకి కుడివైపు ఎవరున్నారో చూడండి. రాజు కాదు, రాణి ఉంది. కుడివైపు అంటే గౌరవ స్థానం. ఆ రాజేమో మామూలువాడు కాదు, క్నూట్. డెన్మార్క్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని కత్తితో గెలుచుకున్నవాడు. అలాంటి వాడి పక్కన, వాడికంటే మంచి చోట నిలబడ్డ ఈమె ఎవరు? ఆమె తల దగ్గర ఎల్ఫ్‌గిఫు అని పేరు రాసి ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు అది కాదు. వాళ్ళు పెట్టిన పేరు ఎమ్మా. పెళ్ళయి ఇంగ్లండ్ వచ్చాక అక్కడివాళ్ళు ఆ పేరు తీసేసి వాళ్ళ పేరు ఇంకొకటి పెట్టారు.

ఈ ఎమ్మా గురించి పుస్తకాల్లో సాధారణంగా రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి, పాపం, ఒక రాజు చేతిలోంచి ఇంకో రాజు చేతిలోకి వెళ్ళిన ఆడమనిషి అని. రెండోది, పదవి కోసం కన్నకొడుకుల్ని వదిలేసిన కఠినురాలు అని. ఈ రెండూ నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఇవాళ వచ్చాను. రెండు రాజ్యాలు సంధి కోసం ఒక పెళ్ళి చేస్తాయి. ఆ సంధి ఏడాదిలో చెడిపోవచ్చు. పెళ్ళి మాత్రం ఉండిపోతుంది, ఆ అమ్మాయి అక్కడే ఉండిపోతుంది. సంధి పోయాక ఆమెకి మిగిలేది ఏమిటి? దేన్ని పట్టుకుని బతకాలి? నా దృష్టిలో ఎమ్మా జీవితం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

సరే, మొదటినుంచీ వద్దాం. ఎమ్మా తండ్రి నార్మండీ పాలకుడు మొదటి రిచర్డ్, తల్లి గున్నోర్. నార్మండీ అంటే ఇప్పటి ఫ్రాన్స్ ఉత్తర తీరం. అక్కడి పాలకులు కూడా ఒకప్పుడు ఓడలెక్కి వచ్చి స్థిరపడ్డ వైకింగులే, అంటే డెన్మార్క్, నార్వే వైపు నుంచి వచ్చిన సముద్ర దోపిడీదారులే. గున్నోర్‌ది డేనిష్, అంటే డెన్మార్క్ మూలాలున్న కుటుంబం. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

ఇటు ఇంగ్లండ్‌లో ఎథెల్రెడ్ రాజు. ఆయన తలనొప్పి అంతా వైకింగుల దాడులు. వాళ్ళు ఓడల్లో వస్తారు, దోచుకుంటారు, డబ్బిస్తే వెళ్తారు, మళ్ళీ వస్తారు. 991లో 10,000 పౌండ్ల వెండి ఇచ్చారు, 994లో 16,000. ఇచ్చేకొద్దీ రేటు పెరుగుతోంది తప్ప దాడులు ఆగడం లేదు. పైగా ఈ దోపిడీ ఓడలకి నార్మండీ రేవుల్లో ఆశ్రయం దొరుకుతోంది. అక్కడ ఆగి, తెచ్చిన సొమ్ము అమ్ముకుని, విశ్రాంతి తీసుకుని మళ్ళీ బయల్దేరతారు. ఆ రేవులు మూయించగలిగితే సగం యుద్ధం గెలిచినట్టే కదా? 991లో సాక్షాత్తూ పోప్ మధ్యవర్తిగా ఇంగ్లండుకీ నార్మండీకీ ఒప్పందం కుదిరింది, అది నిలవలేదు. కాగితం నిలవలేదు కాబట్టి ఈసారి మనిషిని మధ్యలో పెట్టారు. 1002 వసంతంలో, అప్పటికి నార్మండీ ఏలుతున్న అన్న రెండో రిచర్డ్, తన చెల్లెల్ని ఎథెల్రెడ్‌కి ఇచ్చి పంపాడు. అదే ఏడు వైకింగులకి ఇంకో 24,000 పౌండ్లు కట్టారు. డబ్బూ, పెళ్ళీ, రెండూ ఒకే పని కోసం.

ఆ అమ్మాయి పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. ఆమెకి ఇరవై ఏళ్ళ ప్రాంతం. రాజుకి ముప్పై అయిదు ప్రాంతం, మొదటి భార్య వల్ల ఇంటినిండా పిల్లలు. ఎమ్మాకీ పెద్ద సవతి కొడుక్కీ వయసులో పెద్ద తేడా లేదు. భాష రాదు, పేరు తనది కాదు. అత్తవారింటికి వెళ్ళిన కోడలి కష్టాలు మనకి చెప్పక్కర్లేదు, కానీ ఈ అత్తవారింట్లో ప్రతి వాడూ ఆమె వైపు చూసేది ఒక్క లెక్కతో: ఈమె వచ్చినందుకు దాడులు ఆగాయా లేదా?

ఆగలేదు. పైగా ఏం జరిగింది? పెళ్ళయిన కొన్ని నెలలకే, 1002 నవంబర్ 13న, ఇంగ్లండ్‌లో ఉన్న డేన్లందరినీ చంపేయమని ఎథెల్రెడ్ ఆజ్ఞ ఇచ్చాడు. ఆక్స్‌ఫర్డ్‌లో వాళ్ళు ప్రాణభయంతో ఒక చర్చిలోకి పరిగెత్తి తలుపులు వేసుకుంటే, ఊరివాళ్ళు ఆ చర్చికే నిప్పు పెట్టారు. గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఎమ్మా తల్లిది డేనిష్ మూలాలున్న కుటుంబమని. కొత్త పెళ్ళికూతురు ఈ వార్త ఎలా విని ఉంటుంది? దాని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు, ఆమెని అడిగిన వాడూ లేడు.

మరుసటి ఏడు, 1003లో, డెన్మార్క్ రాజు స్వేన్ వచ్చి ఎక్సెటర్ నగరాన్ని ధ్వంసం చేశాడు. ఎక్సెటర్ ఎమ్మాకి పెళ్ళిలో వచ్చిన ఊళ్ళలో ఒకటి. అక్కడ ఆమె పెట్టుకున్న అధికారి పేరు హ్యూ, ఫ్రెంచివాడు. అప్పటి ఇంగ్లిషు వార్షిక చరిత్రలో ఏం రాశారో తెలుసా? రాణి నియమించిన ఆ ఫ్రెంచివాడి వల్లే ఊరు పోయిందని రాశారు. అంటే ఆమె వచ్చి ఏడాది తిరగగానే ఒక నగరం పోగొట్టిన నింద ఆమె మనిషి మీద, ఆమె మీద పడింది. రాజు ఎన్ని ఓడిపోయాడో ఒక పక్కన రాస్తూనే ఉన్నారు, తప్పు మాత్రం పరాయిదాని దగ్గర వెతుకుతున్నారు.

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమెకి ముగ్గురు పిల్లలు. ఎడ్వర్డ్, ఆల్ఫ్రెడ్, ఒక కూతురు గోడ్గిఫు. 1012లో రాజు ఆమెకి వించెస్టర్ నగరంలో ఒక ఆస్తి రాసిచ్చాడు. ఇది చిన్న విషయం అనిపిస్తుంది, కానీ దీన్ని వదిలేయకండి. తరవాత ఆమె ప్రతి కష్టంలోనూ వెళ్ళి నిలబడేది వించెస్టర్‌లోనే.

1013లో స్వేన్ ఏకంగా దేశమంతా గెలుచుకున్నాడు. ఎమ్మా సముద్రం దాటి అన్న దగ్గరికి వెళ్ళింది. పిల్లల్ని ఒక బిషప్‌ని తోడిచ్చి వేరే పంపారు. రాజు ఆఖరున వెళ్ళాడు. ఇక్కడ ఆగండి. ఏ నార్మండీ స్నేహం కోసం ఆమెని తెచ్చుకున్నారో, ఆ స్నేహం ఎథెల్రెడ్‌కి నిజంగా పనికొచ్చింది ఇప్పుడు. దేశాన్ని కాపాడలేదు గానీ, పారిపోయినప్పుడు తలదాచుకునే చోటు ఇచ్చింది. కొద్ది నెలలకే స్వేన్ చనిపోయాడు, వీళ్ళు తిరిగొచ్చారు. 1016 ఏప్రిల్‌లో ఎథెల్రెడ్ పోయాడు. సవతి కొడుకు ఎడ్మండ్, స్వేన్ కొడుకు క్నూట్‌తో యుద్ధాలు చేసి, ఆ ఏడు నవంబర్‌లో అతనూ పోయాడు. రాజ్యం క్నూట్‌ది అయింది.

ఇప్పుడు చూడండి ఆమె స్థితి. భర్త లేడు. ఆయన కొడుకులు కొత్త రాజుకి శత్రువులు, బతికి ఉంటే ప్రమాదం, అందుకని ఎడ్వర్డూ ఆల్ఫ్రెడూ మళ్ళీ నార్మండీ చేరారు. 1017లో క్నూట్ పాత రాజు భార్యని పిలిపించి పెళ్ళి చేసుకున్నాడు. వార్షిక చరిత్రలో ఆ వాక్యం పొడిగా ఉంటుంది, ఆమెని తీసుకురమ్మన్నాడు అని, అంతే, సామాను తెప్పించినట్టు. క్నూట్‌కి ఏం కావాలో అర్థమవుతూనే ఉంది. ఆమె అన్న నార్మండీలో ఉన్నాడు, మేనల్లుళ్ళని ముందుపెట్టి దండెత్తవచ్చు. చెల్లెలు నా ఇంట్లో ఉంటే దండెత్తడు. పైగా పాత రాణి పక్కన ఉంటే కొత్త రాజు పాత రాజులాగే కనిపిస్తాడు.

మరి ఆమెకి ఏం కావాలి? ఇక్కడే నేను ఆ మొదటి మాటతో, చేతులు మారిన ఆడమనిషి అనే మాటతో విభేదిస్తాను. తరవాత ఆమె తన గురించి ఒక పుస్తకం రాయించుకుంది, దాని దగ్గరికి వస్తాను. అందులో ఏముందంటే, ఇంకే భార్య కొడుకుకీ రాజ్యం ఇవ్వనని, నాకు పుట్టిన కొడుక్కే ఇస్తానని ప్రమాణం చేస్తేనే పెళ్ళికి ఒప్పుకున్నానని. ఈ షరతు ఊరికే రాలేదు. క్నూట్‌కి అప్పటికే నార్తాంప్టన్ నుంచి ఒక భార్య ఉంది, ఇద్దరు కొడుకులున్నారు. ఆమె పేరు కూడా ఎల్ఫ్‌గిఫునే! ఎథెల్రెడ్ మొదటి భార్య పేరూ అదే. నోట్సు రాసుకునే వాళ్ళు జాగ్రత్తగా రాసుకోండి, పరీక్షల్లో అందరూ తడబడేది ఇక్కడే.

మొదటి పెళ్ళిలో ఆమె తరఫున అన్న మాట్లాడాడు. రెండో పెళ్ళికి ఆమే మాట్లాడుకుంది. పదిహేనేళ్ళ అనుభవం ఉంది, సవతి కొడుకుల మధ్య బతికింది, రాజు పోతే రాణి ఏమవుతుందో స్వయంగా చూసింది. ఆ ప్రమాణం అడగడం పదవీ వ్యామోహం అని ఎవరైనా అంటే, మీరైతే ఏం అడిగి ఉండేవారో చెప్పమని నేను తిరిగి అడుగుతాను.

క్నూట్‌తో ఉన్న పద్దెనిమిదేళ్ళు ఆమె బాగా వెలిగిన కాలం. మీరు చూసిన బొమ్మ అప్పటిదే. దానపత్రాల్లో సాక్షుల పేర్లు వరసగా రాస్తారు, ఆ వరసలో ఎవరి పేరు ఎక్కడుందో చూస్తే దర్బారులో ఎవరి విలువ ఎంతో తెలుస్తుంది. ఈ కాలంలో ఆమె పేరు రాజు తర్వాత మొదటి వరసల్లోనే కనిపిస్తుంది. ఇద్దరు పిల్లలు, హార్థక్నూట్, గున్‌హిల్డ్. కొడుకుని డెన్మార్క్ పంపారు, అక్కడ పాలకుడిగా. కూతురికి ఏం చేశారు?

ఈ కూతురి దగ్గర కాసేపు ఆగాలి. గున్‌హిల్డ్‌ని జర్మనీ చక్రవర్తి కొన్రాడ్ కొడుకు హెన్రీకి ఇచ్చారు. అదీ సంధే, డెన్మార్క్ సరిహద్దు కోసం. 1036లో పెళ్ళి. అక్కడ ఆమె పేరు కూడా మార్చారు, కునిగుండె అని పెట్టారు. తల్లికి జరిగిందే బిడ్డకీ. ఆ ఏడు ఆమె గురించి అక్కడి మతాధికారి ఒకాయన వర్మ్స్ బిషప్‌కి రాసిన లేఖ ఒకటి మిగిలింది. మీరు వెళ్ళాక రాణిగారిని తండ్రిలా ఓదార్చి బాదం పప్పులు ఇచ్చేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు అని ఆ లేఖ సారాంశం. బాదం పప్పులు! రెండు రాజ్యాల సంధిని మోస్తున్న ఆ అమ్మాయికి కావలసింది ఎవరైనా దగ్గరికి తీసుకుని ఇన్ని బాదం పప్పులు చేతిలో పెట్టడం. అదే ఉత్తరంలో ఇంగ్లండ్ నుంచి మనుషులు వచ్చి, నీ సవతి తల్లి, అంటే ఆ నార్తాంప్టన్ ఎల్ఫ్‌గిఫు, నీ సోదరుడి రాజ్యం కాజేయాలని చూస్తోందని చెప్పారని కూడా ఉంది. రెండేళ్ళకే, 1038లో, ఇటలీలో అంటువ్యాధితో ఆమె చనిపోయింది. ఒక పసికూతుర్ని వదిలి పోయింది. ఆ లేఖ చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇంతకీ ఇంగ్లండ్‌లో ఏం జరిగింది? 1035 నవంబర్‌లో క్నూట్ చనిపోయాడు. ప్రమాణం ప్రకారం హార్థక్నూట్ రావాలి. కానీ అతను డెన్మార్క్‌లో చిక్కుకుపోయాడు, రాలేకపోయాడు. ఇక్కడేమో ఆ నార్తాంప్టన్ ఎల్ఫ్‌గిఫు తన కొడుకు హెరాల్డ్‌ని ముందుకు తోస్తోంది. ఎమ్మా ఏం చేసింది? వించెస్టర్ వెళ్ళి, క్నూట్ అంగరక్షక దళాన్ని దగ్గర పెట్టుకుని, రాజ ఖజానా మీద కూర్చుంది. కొడుకు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వనంది. హెరాల్డ్ మనుషులు వచ్చి చాలావరకు పట్టుకుపోయారు, అయినా ఆమె కదల్లేదు.

1036లో ఆమె మొదటి భర్త వల్ల పుట్టిన కొడుకులు, ఇన్నేళ్ళ తర్వాత, ఇంగ్లండ్ బయల్దేరారు. ఎడ్వర్డ్ తీరం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆల్ఫ్రెడ్ లోపలికి వచ్చాడు. గిల్డ్‌ఫర్డ్ దగ్గర గాడ్విన్ అనే పెద్ద ప్రభువు ఎదురొచ్చి మర్యాద చేశాడు. రాత్రికి రాత్రే ఆల్ఫ్రెడ్ మనుషుల్ని పట్టుకున్నారు, కొందర్ని చంపారు, కొందరి అవయవాలు కోసేశారు. ఆల్ఫ్రెడ్‌ని ఈలీ అనే ఊరికి తీసుకెళ్ళి కళ్ళు పొడిచేశారు. అక్కడే చనిపోయాడు. రమ్మని తల్లి పేరుతో ఒక ఉత్తరం వెళ్ళిందని, అది హెరాల్డ్ సృష్టించిన దొంగ ఉత్తరమని ఎమ్మా పుస్తకం చెబుతుంది. ఉత్తరం నిజంగా ఆమే రాసిందేమోనని అనుమానించే చరిత్రకారులు ఉన్నారు. ఒకవేళ రాసిందే అనుకుందాం. అప్పుడైనా అది కొడుకుని పిలుచుకున్న తల్లి ఉత్తరమే కదా? చంపినవాళ్ళని వదిలి పిలిచిన తల్లిని బోనులో నిలబెట్టడం ఏం న్యాయం?

మరుసటి ఏడు ఆమెని దేశం నుంచి వెళ్ళగొట్టారు. గడ్డకట్టే చలికాలంలో, ఏమాత్రం దయ లేకుండా అని ఆ వార్షిక చరిత్రే రాసింది. ఫ్లాండర్స్‌లో, అంటే ఇప్పటి బెల్జియం వైపు, బ్రూజ్ నగరానికి చేరింది, కౌంట్ బాల్డ్విన్ ఆశ్రయమిచ్చాడు. అక్కడికి ఎడ్వర్డ్ వచ్చి, నేనేమీ చేయలేనని చెప్పి వెళ్ళాడు. చివరికి హార్థక్నూట్ ఓడలతో వచ్చాడు, సరిగ్గా అప్పుడే, 1040 మార్చిలో, హెరాల్డ్ చనిపోయాడు. తల్లీ కొడుకూ యుద్ధం లేకుండా ఇంగ్లండ్‌లో అడుగుపెట్టారు.

ఇప్పుడు ఆ పుస్తకం సంగతి. 1041, 42 ప్రాంతంలో ఫ్లాండర్స్ సన్యాసి ఒకాయన చేత ఆమె లాటిన్‌లో రాయించింది. పేరు ఎమ్మా రాణి ప్రశస్తి. మొదటి పేజీ బొమ్మలో ఆమె సింహాసనం మీద ఉంటుంది, సన్యాసి మోకరిల్లి పుస్తకం ఇస్తుంటాడు, ఇద్దరు కొడుకులు, హార్థక్నూటూ ఎడ్వర్డూ, పక్కనుంచి తొంగి చూస్తుంటారు. రాజులు అంచున, తల్లి నడుమ. పుస్తకంలో ఒక ఆశ్చర్యం ఉంది. ఎథెల్రెడ్ పేరు ఎక్కడా లేదు. ఎక్కడా! ముగ్గురు పిల్లల్ని కన్న ఆ మొదటి కాపురం మొత్తం మాయం. చదివితే ఎడ్వర్డూ ఆల్ఫ్రెడూ కూడా క్నూట్ కొడుకులే అనిపిస్తుంది. ఇది అబద్ధం కదా అంటారు. అవును, దాచిపెట్టడమే. కానీ ఆ సమయానికి దర్బారులో ఎవరున్నారు? క్నూట్ కొడుకు రాజు, 1041లో పిలిపించిన ఎథెల్రెడ్ కొడుకు పక్కన, ఆల్ఫ్రెడ్‌ని అప్పగించిన గాడ్విన్ ఎదురుగా. వీళ్ళందర్నీ ఒకే ఇంట్లో ఉంచాలంటే ఏదో ఒకటి మరిచిపోవాలి. ఆమె తన జీవితంలోని పద్నాలుగేళ్ళనే మరిచిపోయినట్టు రాయించింది.

1042 జూన్‌లో ఒక పెళ్ళి విందులో నిలబడి తాగుతూ తాగుతూ హార్థక్నూట్ కుప్పకూలి చనిపోయాడు. ఎడ్వర్డ్ రాజయ్యాడు. 1043 ఈస్టర్ రోజు పట్టాభిషేకం. అంటే ఆమె ఇద్దరు రాజులకి భార్య, ఇద్దరు రాజులకి తల్లి. ఇక సుఖపడింది అనుకుంటాం. ఆ నవంబర్‌లోనే ఎడ్వర్డ్ ముగ్గురు పెద్ద ప్రభువుల్ని, గాడ్విన్‌తో సహా, వెంటబెట్టుకుని వించెస్టర్ వచ్చి తల్లి దగ్గరున్న బంగారం, వెండి, భూములు లాగేసుకున్నాడు. కారణం? రాజు కాకముందూ అయ్యాకా నా మీద కఠినంగా ఉంది, నేను కోరినంత చేయలేదు అని.

ఎడ్వర్డ్ బాధ అబద్ధమని నేను అనను. అతను పాతికేళ్ళు పరాయి పంచన బతికాడు. తమ్ముడు అలా చచ్చాడు. తల్లి ఇంకో కొడుకుని రాజుని చేయడానికి ప్రాణం పెట్టింది. అతని మనసు విరగడంలో తప్పు లేదు. కానీ ఆమె 1017లో వాళ్ళిద్దర్నీ పక్కన పెట్టుకుని ఉంటే ఏమయ్యేది? ఎడ్మండ్ పసిపిల్లల్నే క్నూట్ దేశం దాటించాడు, వాళ్ళు హంగరీ దాకా పోయి పెరిగారు. ఎథెల్రెడ్ కొడుకుల్ని ఇంట్లో పెంచుతాడా? నార్మండీలో ఉన్నారు కాబట్టే ఎడ్వర్డ్ రాజు కావడానికి మిగిలాడు. ఇది కొడుకు చూడలేకపోయాడు. ఇక ఖజానా అంటారా, పెట్టె నిండా వెండి ఉన్నంతసేపే దర్బారు ఆమె మాట వింటుందని ఆమెకి తెలుసు. 1013లో చూసింది, 1016లో చూసింది, 1037లో చలిలో నిలబడి చూసింది. అది లోభం అనడానికి నాకు నోరు రాదు.

ఇంకో మాట. 1045లో ఎడ్వర్డ్ పెళ్ళి చేసుకున్నాడు. ఎవర్ని? గాడ్విన్ కూతురు ఎడిత్‌ని. తమ్ముణ్ణి అప్పగించిన వాడి కూతుర్ని! ఇదీ రాజకీయమే. 1051లో గాడ్విన్‌తో చెడింది, వెంటనే ఎడిత్ ఆస్తి లాగేసుకుని ఆమెని సన్యాసినుల మఠానికి పంపేశాడు. గాడ్విన్ మరుసటి ఏడు తిరిగొచ్చాడు, ఎడిత్ మళ్ళీ రాణి. తండ్రి మీద కోపం, కూతురి మీద శిక్ష. వించెస్టర్‌లో ఉన్న ముసలి ఎమ్మా ఆ మఠం వార్త విని ఉంటుంది. ఆమె 1052 మార్చిలో చనిపోయింది, క్నూట్ పక్కనే పాతిపెట్టారు.

ఇప్పుడు మన వైపు ఒక్కసారి రండి, ఇందాక రాజమండ్రి వాళ్ళెవరో చేతులెత్తారు కదా. ఎమ్మా ఇంగ్లండ్‌లో ఉన్న ఆ రోజుల్లోనే, తంజావూరు రాజరాజ చోళుడు కూతురు కుందవ్వని వేంగి విమలాదిత్యుడికి ఇచ్చాడు. అదీ కూటమి పెళ్ళే. వాళ్ళ కొడుకు మన నన్నయని పోషించిన రాజరాజ నరేంద్రుడు. ఆయనకీ సవతి తమ్ముడు విజయాదిత్యుడితో సింహాసనం కోసం గొడవ, ఒకరి వెనక చోళులు, ఇంకొకరి వెనక కల్యాణి చాళుక్యులు. చూశారా, అక్కడ హార్థక్నూటూ హెరాల్డూ, ఇక్కడ వీళ్ళిద్దరూ. నరేంద్రుడు మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. వాళ్ళ కొడుకు 1070లో తల్లి వైపు హక్కుతో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. దానికి నాలుగేళ్ళ ముందు, 1066లో, ఎమ్మా అన్న మనవడు విలియం ఇంగ్లండ్ మీద దండెత్తి గెలిచాడు. ఎడ్వర్డ్‌కి బంధువుననే కదా అతను హక్కు చెప్పుకున్నది? ఆ బంధుత్వం ఎవరి ద్వారా వచ్చింది? 1002లో ఓడెక్కించి పంపిన ఆ అమ్మాయి ద్వారా. విలియం అనగానే అందరూ హేస్టింగ్స్ యుద్ధం గురించి చెబుతారు, మీరు మాత్రం ఎమ్మా పేరు కూడా చెప్పండి.

ఆమె ఎముకలు వించెస్టర్ కెథెడ్రల్‌లో చెక్కపెట్టెల్లో ఉండేవి. 1642లో అంతర్యుద్ధం సైనికులు పెట్టెలు పగలగొట్టి కలగాపులగం చేశారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు వాటిని విడదీసి చూసి, కనీసం 23 మందివి ఉన్నాయని, అందులో ఒక పెద్దవయసు స్త్రీవి ఎమ్మావి కావచ్చని 2019లో ప్రకటించారు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎడ్వర్డ్ పక్షాన మాట్లాడేవాళ్ళు ఇక్కడ తప్పకుండా ఉంటారు, వాళ్ళ ప్రశ్నలు ముందు తీసుకుంటాను. మైక్ అటు ఇవ్వండి.